ఎండలు ముదురుతున్నా పంట దిగుబడి ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న సూటిగా ఇది. భూమి వేడెక్కితే పంటలు దెబ్బతింటాయంటున్నారు. కానీ గత అరవై ఏళ్ళుగా వేడి పెరుగుతూనే ఉంది, హెక్టారు దిగుబడీ పెరుగుతూనే ఉంది. మరి ఆ మాట అబద్ధమా, ఈ లెక్క అబద్ధమా?

రెండూ నిజమే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల్లో 1961లో ప్రపంచ సగటున హెక్టారుకు దాదాపు 1.35 టన్నుల తిండిగింజలు పండితే, 2020 నాటికి అది 4 టన్నులు దాటింది. ఇది ఎవరూ కాదనలేని పెరుగుదల. చిక్కల్లా ఆ అంకెను దేనితో పోలుస్తున్నామన్న దగ్గరే ఉంది. "పోయినసారి కంటే ఎక్కువ పండిందా?" అన్నది ఒక ప్రశ్న. "ఇవే విత్తనాలు, ఇంతే ఎరువు, ఇంతే నీరు ఉండి, వేడి మాత్రం పెరగకపోయి ఉంటే ఎంత పండేది?" అన్నది వేరే ప్రశ్న. వాతావరణ మార్పు వల్ల నష్టం గురించి లెక్కలు కట్టేవాళ్ళు రెండో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. వినేవాళ్ళు దాన్ని మొదటిదానికి జవాబుగా తీసుకుంటున్నారు. కుండకు చిల్లు పడినా, కారేదానికంటే పోసేది ఎక్కువైతే నీటిమట్టం పెరుగుతూనే ఉంటుంది. మట్టం పెరిగింది కాబట్టి చిల్లు లేదనలేం.

పోసేది ఎంత? పై లెక్క ప్రకారం సగటున ఏటా హెక్టారుకు 45 కిలోలు. పాత పొడుగు రకాలకు నత్రజని ఎక్కువ వేస్తే కంకి బరువుకు చేను పడిపోయేది. నోరిన్ 10 అనే జపాను గోధుమ నుంచి వచ్చిన పొట్టి జన్యువులు, వరిలో 1966లో విడుదలైన ఐఆర్8 అనే పొట్టి రకం ఆ అడ్డు తీసేశాయి. పొట్టి మొక్క ఎరువు వేసినా నిలబడింది, తయారుచేసుకున్న పిండిపదార్థంలో పెద్ద వాటా కాండానికి కాకుండా గింజకు పంపింది. యూరియా, సాగునీరు, కలుపు మందులు, మొక్కజొన్నలో సంకర విత్తనం దీనికి తోడయ్యాయి.

కారేది ఎంత? లోబెల్, ష్లెంకర్, కోస్టా-రాబర్ట్స్ అనే పరిశోధకులు 2011లో 1980 నుంచి 2008 వరకు ఉన్న లెక్కలు తీసి చూశారు. ఆ కాలంలో ఉష్ణోగ్రత, వాన మారకుండా ఉంటే వచ్చేదానితో పోలిస్తే ప్రపంచ మొక్కజొన్న ఉత్పత్తి 3.8 శాతం, గోధుమ 5.5 శాతం తగ్గాయి. వరి, సోయాలో ఒకచోటి నష్టం ఇంకోచోటి లాభంతో సరిపోయింది. 5.5 శాతాన్ని 28 ఏళ్ళకు పంచితే ఏడాదికి 0.2 శాతం. ఒక మంచి వానకో చెడ్డ వానకో ఏ ప్రాంతంలోనైనా దిగుబడి ఒక్క ఏడాదిలోనే దానికి ఎన్నో రెట్లు ఊగుతుంది. అదే కాలంలో ప్రపంచ గోధుమ దిగుబడి 1.9 టన్నుల దగ్గర్నుంచి 3 టన్నులకు వచ్చింది. వేడి పెరగకపోతే 3.2 దగ్గర ఉండేదన్నమాట. గీత పైకే పోతోంది కాబట్టి ఆ 0.2 టన్ను ఎవరి కంటికీ ఆనదు. కానీ పండించే హెక్టార్ల సంఖ్యతో హెచ్చవేస్తే అది చిన్న అంకె కాదు.

దిగుబడిని మాత్రమే చూడకుండా, పెట్టిన భూమి, కూలి, ఎరువు, యంత్రాలు అన్నిటితో కలిపి ఉత్పాదకత లెక్కిస్తే నష్టం ఇంకా పెద్దగా కనబడుతుంది. ఓర్టిజ్-బొబియా అనే పరిశోధకుడి బృందం 2021లో ప్రచురించిన లెక్కలో 1961 నుంచి వచ్చిన వాతావరణ మార్పు ప్రపంచ వ్యవసాయ ఉత్పాదకతను, అది లేకుండా ఉంటే వచ్చేదానికంటే, సుమారు 21 శాతం తగ్గించింది. ఇంచుమించు ఏడేళ్ళ ప్రగతి పోయినట్టు. ఈ అంకెకూ పై అంకెలకూ పొంతన లేదని కొందరు వాదిస్తారు. కొలిచినవే వేరు. రైతు ఇంకో రెండు తడులు పెట్టి దిగుబడి నిలబెట్టుకుంటే మొదటి లెక్కలో నష్టం కనబడదు. రెండో లెక్కలో ఆ తడుల ఖర్చూ పడుతుంది.

ఇంతవరకు ఒప్పుకున్నవాళ్ళు కూడా తడబడే చోటు సగటు ఉష్ణోగ్రత. "ఒక డిగ్రీ పెరిగితే ఏమవుతుంది, మొక్క రోజూ పన్నెండు డిగ్రీల తేడా తట్టుకుంటోంది కదా?" అంటారు. నిజానికి మొక్క సగటును చూడదు, ఒక హద్దు దాటిన గంటలను చూస్తుంది. ష్లెంకర్, రాబర్ట్స్ 2009లో అమెరికా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) లెక్కలతో చూపించింది ఇదే: మొక్కజొన్నకు 29, సోయాకు 30, పత్తికి 32 డిగ్రీల వరకు వేడి పెరిగేకొద్దీ దిగుబడి మెల్లగా పెరుగుతుంది, ఆ హద్దు దాటాక నిటారుగా పడిపోతుంది. ఎక్కిన వాలుకంటే దిగే వాలు చాలా నిటారుగా ఉంటుంది.

దీన్ని అంకెల్లో చూడండి. రెండు పొలాలు, రెండు వారాలు, రెండిటా సగటు 25 డిగ్రీలే. పగటికీ రాత్రికీ 12 డిగ్రీల తేడా, రోజంతా వేడి ఒక అలలా పెరిగి తగ్గుతుందనుకుందాం. మొదటి పొలంలో పద్నాలుగు రోజులూ గరిష్ఠం 31. రెండో పొలంలో ఏడు రోజులు 27, ఏడు రోజులు 35. 29 డిగ్రీల పైన గడిచిన వేడిని గంటల చొప్పున కూడితే మొదటి పొలంలో దాదాపు 118 డిగ్రీ-గంటలు వస్తుంది. రెండో పొలంలో 320. సగటు ఒకటే, దెబ్బ రెండున్నర రెట్లకు పైన. అందుకే నెల సగటుతో చేసిన విశ్లేషణలో "వేడికీ దిగుబడికీ సంబంధం కనబడలేదు" అని వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. సంబంధం ఉంది, దాన్ని సగటు మింగేసింది.

ఆ గంటలు ఎప్పుడు వచ్చాయన్నదీ అంతే ముఖ్యం. పిలకల దశలో 36 డిగ్రీలు వచ్చినా వరి తేరుకుంటుంది. పూత సమయంలో వస్తే కథ వేరు. వరి పువ్వు ఉదయం పూట విచ్చుకుని గంట అటూ ఇటూగా మూసుకుంటుంది. ఆ కాస్త సమయంలో వెన్ను (కంకి) దగ్గర 35 డిగ్రీలు దాటితే పుప్పొడి తిత్తులు సరిగా పగలవు, పుప్పొడి కీలాగ్రం మీద చాలినంత పడదు, ఆ పువ్వు తాలు గింజ అవుతుంది. తర్వాత ఎంత చల్లబడినా, ఎంత యూరియా వేసినా అది నిండదు. మొక్కజొన్నలో ఇంకో రకం దెబ్బ. నీటి ఎద్దడి వస్తే మగపూత వేళకే వస్తుంది, పీచు (ఆడపూత) మాత్రం ఆలస్యంగా బయటికొస్తుంది. పీచు వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. పొత్తు చివర పళ్ళూడినట్టు కనబడేది చాలాసార్లు దీనివల్లే.

ఏ హద్దూ దాటకపోయినా దిగుబడి తగ్గే దారి ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పంట కోతకు రావడానికి రోజులు కాదు, కూడుకున్న వేడి లెక్క. ఒక గోధుమ రకానికి సున్నా డిగ్రీల పైన 2,000 డిగ్రీ-రోజులు (ఒక్కో రోజు సగటు వేడిని కూడుతూ పోతే వచ్చే మొత్తం) కావాలనుకోండి. సగటు 16 డిగ్రీలుంటే 125 రోజులు పడుతుంది. 18 అయితే 111 రోజులకే ముగుస్తుంది. మొక్క ఎండిపోలేదు, రోగం రాలేదు, ఆకు పచ్చగానే ఉంది. కానీ 14 రోజుల ఎండ అందుకోలేదు. గింజ పాలు పోసుకునే రోజులు అందులో తగ్గితే గింజ సన్నబడుతుంది. దీనికి మందు మరీ కష్టం కాదు: ఎక్కువ కాలపరిమితి రకానికి మారడం. చాలాచోట్ల ఇప్పటికే మారారు, అందుకే ఈ నష్టం గణాంకాల్లో సరిగా కనబడదు. కానీ పంట కాలం చివర నీరు అయిపోయే చోట, లేదా వెంటనే రెండో పంట వేయాల్సిన చోట, ఆ దారి మూసుకుపోతుంది.

ఇదే విరోధాభాసకు ఇంకో ముఖం: ప్రపంచంలో అత్యధిక వరి దిగుబడి వచ్చే చోట్లు ఎండ మండిపోయే పొడి ప్రాంతాలు. ఆస్ట్రేలియా రివరీనా, ఈజిప్టు నైలు లోయ, కాలిఫోర్నియా. వేడి చెడ్డదైతే అక్కడెలా పండుతోంది?

మొక్కకు తగిలే వేడి, గాలిలో కొలిచే వేడి ఒకటి కావు. గాలి పొడిగా ఉండి వేళ్ళ దగ్గర నీరు నిండుగా ఉంటే ఆకులూ వెన్నులూ నీటిని ఆవిరి చేసి తమను తాము చల్లబరచుకుంటాయి. రివరీనాలో జరిగిన కొలతల్లో గాలి 34 డిగ్రీల పైన ఉన్నప్పుడు వరి వెన్ను దానికంటే 6, 7 డిగ్రీలు చల్లగా ఉంది. అదే 34 డిగ్రీలు ఉక్కపోతగా, గాలి ఆడని చోట వస్తే వెన్ను చల్లబడే దారి లేదు, తాలు పెరుగుతుంది. మబ్బు లేని ఆకాశం, పొడవైన పగళ్ళు, చల్లని రాత్రులు ఆ ప్రాంతాలకు అదనపు బలం. కాబట్టి "వేడి ప్రాంతంలో బాగా పండింది" అన్న వాక్యంలో నీటి సంగతి చెప్పకపోతే అది సగం వాక్యమే.

ఎందుకంటే అదే పొడిగాలి, నీరు లేని చేనుకు యమపాశం. 25 డిగ్రీల దగ్గర గాలి మోయగల నీటి ఆవిరి పీడనం 3.17 కిలోపాస్కల్‌లు, 35 దగ్గర 5.62. గాలిలో తేమ సగం సగం ఉందనుకుంటే గాలి దాహం, అంటే గాలి ఇంకా పట్టగల ఆవిరి, 1.6 నుంచి 2.8కి పెరుగుతుంది. వాన ఒక్క చుక్క తగ్గకపోయినా మొక్క నుంచి గాలి లాగే నీరు ముప్పాతిక వంతు పెరిగినట్టు. మొక్క తన పత్రరంధ్రాలు మూసుకుంటుంది. నీరు ఆగుతుంది, దానితోపాటు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) లోపలికి రావడమూ ఆగుతుంది. ఆకు వేడెక్కుతుంది. "వర్షపాతం మామూలే, అయినా పంట ఎండింది" అన్న ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. వర్షమాపకంలో ఇది కనబడదు.

సాగునీరు వేడిని ఇంకోలా కూడా దాస్తుంది. విశాలమైన ప్రాంతమంతా పచ్చగా, దట్టంగా ఉంటే ఆ ఆవిరి మొత్తం ప్రాంతాన్నే చల్లబరుస్తుంది. అమెరికా మధ్యపశ్చిమ మొక్కజొన్న ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో వేసవి తీవ్ర ఉష్ణోగ్రతలు పెరగలేదు, కాస్త తగ్గాయి. సాగు సాంద్రత పెరగడాన్ని అందుకు ఒక కారణంగా పరిశోధకులు చూపారు. అంటే దిగుబడి బాగా పెరిగినట్టు మనం ఉదాహరణగా చెప్పుకునే ప్రాంతాల్లో ఒకదానికి, పంట నిలబడే నెలల్లో, భూతాపం ఇంకా పూర్తిగా రానేలేదు. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత గీతనూ ఆ ప్రాంతపు దిగుబడి గీతనూ పక్కపక్కన పెట్టి "చూశారా" అనడం తప్పయ్యేది ఇందుకే.

రాత్రి వేడి గురించి ఒక మాట. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, పొడి కాలపు పంటలో, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్టు 2004లో ప్రచురించారు. రాత్రి మొక్క పిండిపదార్థం తయారుచేయదు, శ్వాసకు ఖర్చు మాత్రం చేస్తుంది. పగటి గరిష్ఠాన్ని మాత్రమే చూసేవాళ్ళకు ఈ ఖర్చు తెలియదు.

ఇక బొగ్గుపులుసు వాయువు. ఇది పంటకు ఆహారం కాబట్టి లాభమే అన్న వాదనలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 ఉన్నది ఇప్పుడు 420 దాటింది. వరి, గోధుమ, సోయా, పత్తి సీ3 పంటలు. వాటిలో గాలిలోని ఈ వాయువును పట్టే ఎంజైము పొరపాటున ఆక్సిజన్‌నూ పట్టి శక్తిని వృథా చేస్తుంది. ఈ వాయువు పెరిగితే ఆ పొరపాటు తగ్గుతుంది, దిగుబడి పెరుగుతుంది. మొక్కజొన్న, జొన్న, చెరకు సీ4 పంటలు. అవి ఆ వాయువును ఆకు లోపల ముందే గాఢంగా పోగుచేసుకుంటాయి కనుక నీరు చాలినంత ఉంటే అదనపు లాభం దాదాపు ఉండదు. నీటి ఎద్దడిలో మాత్రం పత్రరంధ్రాలు తక్కువగా తెరిచినా సరిపోతుంది కాబట్టి కొంత ఆదా.

ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి రెండు. మూసిన గదుల్లో, కుండీల్లో చేసిన పాత ప్రయోగాల్లో కనబడిన లాభం, బయట పొలంలో గొట్టాలతో వాయువు వదిలి చేసిన ప్రయోగాల్లో దాదాపు సగానికి తగ్గింది. పాత అంకె చూపించి లాభం లెక్కకట్టేవాళ్ళను ఏ ప్రయోగమో అడగండి. రెండోది, గింజ పెరిగినంతగా అందులోని పోషకాలు పెరగవు. 550 పాళ్ళ దగ్గర పొలంలో పెంచిన గోధుమలో జింక్ 9 శాతం, ఇనుము 5 శాతం, మాంసకృత్తులు 6 శాతం తగ్గినట్టు 2014లో తేలింది. టన్నుల లెక్కలో ఇది లాభం, కంచంలో మాత్రం నష్టం.

మీ ప్రాంతానికి ఇది ఎంతో మీరే లెక్కించుకోవచ్చు. ఒకే పంటకు కనీసం 25, 30 ఏళ్ళ దిగుబడి, అదే ప్రాంతపు రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, వాన కావాలి. ముందు దిగుబడి మీద ఏళ్ళ వారీగా గీత గీసి, ఆ గీత నుంచి ప్రతి ఏడూ ఎంత పైకో కిందికో ఉందో తీయండి, ఆ తేడాయే మిగులు. ఉష్ణోగ్రతకూ, వానకూ అదే చేయండి, కానీ ఏడాది మొత్తానికి కాదు, విత్తు నుంచి కోత వరకు ఉన్న రోజులకే, వీలైతే పూతకు ముందు పది రోజులు, తర్వాత ఇరవై రోజులు విడిగా. సగటుతో పాటు హద్దు పైన గడిచిన డిగ్రీ-గంటలను కూడా ఒక అంశంగా పెట్టండి. ఆ మిగులు దిగుబడికీ మిగులు వేడికీ మధ్య ఉన్న వాలు మీకు కావాల్సిన అంకె.

చాలామంది ఇక్కడే ఆగి "వాతావరణ ప్రభావాన్ని లెక్కకట్టేశాం" అనుకుంటారు. గీత తీసేసినప్పుడు భూతాపపు గీత కూడా దాంతోపాటే పోయింది, దాన్ని తిరిగి కలపాలి. ఊహగా ఒక ఉదాహరణ: 30 ఏళ్ళలో దిగుబడి 2 టన్నుల నుంచి 3.5 టన్నులకు పెరిగింది, పంట కాలపు వేడి 0.9 డిగ్రీలు పెరిగింది, మిగుళ్ళ వాలు డిగ్రీకి 150 కిలోల నష్టం చూపింది. అప్పుడు వేడి తిన్నది 135 కిలోలు. అంటే విత్తనం, ఎరువు, నీరు ఇచ్చింది 1.5 టన్నులు కాదు, 1.635. మొదట వేసుకున్న ప్రశ్నలోని వైరుధ్యం ఆ 135 కిలోల దగ్గరే విడిపోతుంది: పెరుగుదల 1.5 నిజం, నష్టం 0.135 కూడా నిజం.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, అన్నిటికంటే ముందు దిగుబడిని దేనితో భాగించారో చూడండి. కోసిన విస్తీర్ణంతో భాగిస్తే, పూర్తిగా ఎండిపోయి వదిలేసిన చేలు లెక్కలోంచి మాయమవుతాయి, కరవు ఏడాదిలో కూడా దిగుబడి బాగానే కనబడుతుంది. విత్తిన విస్తీర్ణం తీసుకోండి. పంట మంచి నేలలకు, నీరున్న చోట్లకు మళ్ళితే ఎవరి పొలంలోనూ ఏమీ మారకుండానే సగటు పెరుగుతుంది, దాన్ని వాతావరణం ఖాతాలో వేయకండి. వేడి రోజులు మబ్బు లేని రోజులే కాబట్టి చల్లని ప్రాంతాల్లో ఎండ చేసిన మేలు వేడి ఖాతాలో పడుతుంది. వాన లేని ఏడే వేడి ఏడు కూడా అవుతుంది, ముప్పై ఏళ్ళ అంకెలతో ఆ రెండిటినీ విడదీయడం కష్టం. అందుకే ఒక జిల్లా కాక పది, ఇరవై జిల్లాలు కలిపి చూడటం మేలు. ఇక మీ లెక్కల్లో ఎన్నడూ రాని ఉష్ణోగ్రతకు ఆ వాలును పొడిగించకండి. హద్దు అవతల వాలు వేరు.

దిగుబడి పెరగడం, కరవుకు తట్టుకోవడం ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికా మొక్కజొన్నలో మొక్కలు దగ్గర దగ్గరగా వేయడం పెరిగేకొద్దీ కరవు దెబ్బ తగ్గలేదు, పెరిగిందని 2014లో లోబెల్ బృందం చూపించింది. విత్తనాలు మెరుగే, కానీ అదే నేలలో నీళ్ళు తాగే నోళ్ళు ఎక్కువ. 2012 కరవులో అక్కడ దిగుబడి హెక్టారుకు 7.7 టన్నులకు పడింది, 2014లో 10.7 వచ్చింది. ఒకే విత్తనాలు, ఒకే యంత్రాలు, రెండేళ్ళ తేడా.

వైరుధ్యం తిరగబడిన చోటు కూడా ఉంది, నష్టాన్ని కంటితో చూడాలనుకునేవాళ్ళు అక్కడ చూడాలి. ఫ్రాన్సులో గోధుమ దిగుబడి 1990ల మధ్య నుంచి ఇంచుమించు ఒకేచోట నిలిచిపోయింది. విత్తన పరిశోధన ఆగిందా అంటే లేదు. రకాలను పక్కపక్కన వేసి పోల్చే ప్రయోగాల్లో కొత్త రకం పాతదానికంటే మెరుగ్గానే వస్తోంది. బ్రిసన్ బృందం 2010లో దీన్ని విడదీసి చూస్తే, గింజ నిండే రోజుల్లో వేడి, కాండం సాగే దశలో నీటి ఎద్దడి ఆ ప్రగతిని చాలావరకు మింగేస్తున్నాయని తేలింది. పంట మార్పిడిలో పప్పుజాతి పంటలు తగ్గడమూ కొంత కారణం. అక్కడ పోసేది ఆగలేదు, కారేది దానికి సమానమైంది. 2016లో అదే దేశంలో గోధుమ మామూలుగా వచ్చే దాదాపు 7 టన్నుల నుంచి ఐదున్నర లోపుకు కూలింది. దానికి మండే ఎండ కారణం కాదు: శీతాకాలపు తొలి రోజులు మామూలుకంటే వెచ్చగా ఉండి, తర్వాత వసంతం విపరీతమైన తడితో, తెగుళ్ళతో వచ్చింది. ఉష్ణోగ్రత ఒక్కటే పెట్టి చేసిన ఏ లెక్కా దాన్ని ముందుగా పట్టలేకపోయేది, కాబట్టి మీ లెక్కలో పూత సమయపు వానను, తడి రోజుల సంఖ్యను విడిగా ఒక గడిలో పెట్టుకోండి.